మన గవాహీ మనమే చెప్పాలి

2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 26వ చట్టం చివర ఒక పట్టిక ఉంది. చట్టాల చివరి పట్టికలు వకీళ్ళూ గుమాస్తాలూ తప్ప ఎవరూ చదవరు. మేం మాత్రం ఆ పట్టికను ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. తెలుగు నేల మీద మావాళ్ళ చరిత్రను అంత తక్కువ మాటల్లో చెప్పిన కాగితం మాకు మరొకటి కనపడలేదు.

అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలి, ఘంటా ఫకీర్లు, తురక బుడబుడ్కి, గారడీ సాయిబులు, పాములవాళ్ళు, గోసంగి ముస్లింలు, గుడ్డి ఎలుగువాళ్ళు, కీలుగుర్రాలవాళ్ళు, హజాం, లబ్బీ, బొంతల, ఖురేషీ, షేక్, సిద్దీ, హబ్షీ, తురక కాశ, జింక సాయిబులు, రోళ్ళకు కక్కు కొట్టేవారు.

ఒక్కసారి ఈ పేర్లు పైకి చదివి చూడండి. వీటిలో అరబ్బీ ఎంత, ఫార్సీ ఎంత, తెలుగు ఎంత? "మీరు ఎక్కడినుంచి వచ్చార్రా?" అని మమ్మల్ని అడిగేవాళ్ళకు ఇంతకంటే వేరే జవాబు అక్కర్లేదు. రోలు ఏ ఊళ్ళో ఉంటే దానికి కక్కు కొట్టేవాడిదీ ఆ ఊరే. ఊరందరి మురికీ ఉతికే తురక చాకలి ఏ ఖైబర్ కనుమలోంచీ గుర్రమెక్కి రాలేదు. నవాబులు, జాగీర్దార్లు, షాయరీ, బిర్యానీ అంటూ మామీద అల్లిన కథల్లో ఈ మనుషులకు చోటు లేదు. మా పెద్దింటివాళ్ళు రాసుకున్న తారీఖుల్లోనూ లేదు. చోటు దొరికింది ఒక రిజర్వేషన్ చట్టం పట్టికలో.

అయితే ఈ పేర్లు చట్టంలోకి ఎలా వచ్చాయి? ఎవరు వెళ్ళి చెప్పారు? ఈ వ్యాసంలో మేం అడగదలచుకున్నది ఈ ప్రశ్నే. రాష్ట్రంలో ఏదో ఒక బిల్లు ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, ఏదో ఒక కమిషన్ కూర్చుంటూనే ఉంటుంది. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? చరిత్ర తిరగేస్తే జవాబు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

మొదటినుంచీ చూద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1927 కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 2, అణగారిన కులాలకు 1 ఉండేవి. అంటే కోస్తా, రాయలసీమ ముస్లింలకు అప్పట్లో ఒక వాటా రాసి ఉంది. 1947లో ఆ లెక్క మార్చారు. 14లో ముస్లింలకు 1 మిగిలింది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతినే కొట్టేసింది. అందుకు జవాబుగా వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ 15(4) అధికరణను తెచ్చింది. అక్కడినుంచి వాటా మతానికి కాదు, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు. సూత్రం మంచిదే, మేం కాదనం. కానీ సూత్రం మారినప్పుడు మా అర్జీ కూడా మారాలి కదా! 'మేం ముస్లింలం' అని చెబితే చాలే రోజులు పోయాయి. 'మేం రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళం, మాకు బడి లేదు' అని చెప్పాల్సిన రోజులు వచ్చాయి. ఆ సంగతి మావాళ్ళకు అర్థం కావడానికి యాభై ఏళ్ళు పట్టింది.

ఈలోగా మిగతా వెనుకబడిన కులాలు ఊరుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1960లలో తయారుచేసిన జాబితాలను కోర్టులు వరుసగా కొట్టేశాయి. 1968లో పి. సాగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఒక్కటే: మీరు వెనుకబడినవాళ్ళని చెబుతున్నవారు నిజంగా వెనుకబడినవాళ్ళేనని చూపే ఆధారాలేవి? అప్పుడు అనంతరామన్ కమిషన్ వచ్చింది. జిల్లాలు తిరిగింది, కుల సంఘాల మాట విన్నది, 1970లో నివేదిక ఇచ్చింది. ఆ జాబితా 1972లో సుప్రీంకోర్టులో నిలబడింది. 25 శాతం, నాలుగు గ్రూపులు. అందులో దూదేకులకు బి గ్రూపులో చోటు దొరికింది. మెహతర్లు ఎ గ్రూపులో ఉన్నారు. మిగతా మావాళ్ళు? పామును ఆడించేవాడు, అత్తరు అమ్మేవాడు, చాకిరేవు దగ్గర నిలబడ్డవాడు, అందరూ జనరల్. జనరల్ అంటే రెడ్డిగారబ్బాయితో, శాస్త్రిగారబ్బాయితో సమానంగా పోటీ పడడం అన్నమాట.

ఎందుకిలా జరిగింది? మమ్మల్ని ఎవరూ పిలవలేదన్నది సగం నిజం. మిగతా సగం మాలోనే ఉంది. ఇస్లాంలో కులం లేదని మా పెద్దలు గట్టిగా చెప్పేవారు. దీన్ విషయంలో అది సత్యమే. నమాజులో అందరం ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాం. కానీ సలాం తిప్పి మసీదు మెట్లు దిగాక? హజాం కూతురిని సయ్యద్ ఇంటికి కోడలిగా అడగమనండి చూద్దాం. దూదేకులవాళ్ళను 'దూదేకులోడు' అని ఈసడించింది బయటివాళ్ళే కాదు, మేమూ ఆ పని చేశాం. కులం లేదని చెప్పుకునే గౌరవం కొద్దిమందికి దక్కింది. కులంవల్ల కలిగిన నష్టం మాత్రం అందరూ మోశారు. కమిషన్ ముందుకు వెళ్ళి 'మాలోనూ అంతరాలున్నాయి' అని ఒప్పుకోవడానికి నామోషీ పడ్డాం. ఆ నామోషీ ఖరీదు రెండు తరాల చదువు.

1992 నవంబరులో ఇందిరా సహానీ తీర్పు వచ్చింది. మండల్ తీర్పు అంటే అందరికీ తెలుస్తుంది. రిజర్వేషన్లు 50 శాతం దాటరాదన్న మాట అందరికీ గుర్తుండిపోయింది. అదే తీర్పులో మరో మాట ఉంది. జాబితాలో చేర్చమని కోరేవారి అర్జీలనూ, అనర్హులు చేరారన్న ఫిర్యాదులనూ వినడానికి కేంద్రంలో, రాష్ట్రాల్లో శాశ్వత సంస్థలు ఉండాలన్నది. దాని ఫలితమే 1993 బీసీ కమిషన్ చట్టం. ఒక తలుపు తెరుచుకుంది. ఆ తలుపు తట్టడానికి సర్పంచి సిఫారసు అక్కర్లేదు, ఎమ్మెల్యే చీటీ అక్కర్లేదు. 1994లో ముస్లింల విషయం పరిశీలించమని రాష్ట్ర ప్రభుత్వమే కమిషన్‌ను కోరింది. పదేళ్ళు గడిచినా ఏమీ తేలలేదు.

ఆ పదేళ్ళూ మేం మౌనంగా ఉన్నామని అనలేం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు తర్వాత మావాళ్ళ గొంతు మారింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. కవిత్వంలో మాట్లాడాం, కథల్లో మాట్లాడాం, సభల్లో మాట్లాడాం. అది అవసరమే. కానీ కమిషన్ గుమ్మం ముందు మాత్రం మా మాట వినపడలేదు. కవిత రాసినవాళ్ళం అర్జీ రాయలేదు.

2004 జూలైలో కొత్త ప్రభుత్వం ఒక జీవోతో ముస్లింలందరికీ 5 శాతం ఇచ్చింది. బస్తీల్లో మిఠాయిలు పంచుకున్నారు. సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. మైనారిటీ సంక్షేమ కమిషనరేట్ ఇచ్చిన నివేదిక చాలదని, బీసీ కమిషన్‌ను సంప్రదించలేదని చెప్పింది. 2005లో కమిషన్ నివేదికతో ఈసారి చట్టమే చేశారు. నవంబరులో అదీ పోయింది. సామాజిక వెనుకబాటును తేల్చే ప్రమాణాలు లేవని, ముస్లింలందరినీ ఒకే ముద్దగా చూడడం కుదరదని కోర్టు అన్నది. 2007లో పి.ఎస్. కృష్ణన్ వచ్చారు. వెనుకబడిన వర్గాల కోసం జీవితమంతా పనిచేసిన అధికారి. ఆయన ముస్లింలను విడదీసి చూశారు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మేమన్, నవాయత్ వంటివారిని పక్కన పెట్టారు. చేతివృత్తులవాళ్ళను, సంచార తెగలను, ఫకీర్లను తీసుకున్నారు. జూన్‌లో ఆయన నివేదిక, జూలైలో కమిషన్ నివేదిక, వెంటనే ఆర్డినెన్సు, ఆ తర్వాత 26వ చట్టం. 4 శాతం. బీసీ-ఇ పుట్టింది. మేం మొదట చెప్పిన పట్టిక ఇదే.

2010 ఫిబ్రవరి 8న హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 మెజారిటీతో దీన్నీ కొట్టేసింది. ఇది ఒక మతానికే పరిమితమైనదని, మతమార్పిడులకు దారితీయవచ్చని అన్నది. ఈ మాట మాకు బాధ కలిగించింది. రోళ్ళకు కక్కు కొట్టే బతుకు కోసం మతం మారేవాళ్ళు ఎవరుంటారు? కానీ ఆ తీర్పులో మరో మాట ఉంది, దాన్ని కోపం పక్కన పెట్టి వినాలి. కమిషన్ ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా సేకరించిన వివరాల మీద ఆధారపడిందని, ఆ సర్వే వేరే పనికోసం చేసిందని, కమిషన్ సొంతంగా చేసిన పరిశీలన శాస్త్రీయంగా లేదని కోర్టు ఎత్తిచూపింది. అంటే ఏమిటి? మా పేర్లు చట్టంలోకి వచ్చింది మా నోటినుంచి కాదు. మనుషుల జాతులను అధ్యయనం చేసే పండితుల కాగితాలనుంచి, ఒక మంచి అధికారి శ్రద్ధనుంచి. మా గవాహీ మేం చెప్పలేదు. ఎవరో మా తరఫున చెప్పారు. కోర్టులో సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది.

2010 మార్చి 25న సుప్రీంకోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. అప్పటినుంచి వెనుకబడిన ముస్లిం తెగల పిల్లలు 4 శాతంతో ఇంజనీరింగుకు, మెడిసిన్‌కు, సర్కారీ కొలువులకు వెళ్ళారంటే ఆ తాత్కాలిక ఉత్తర్వు దయవల్లే. ఒక ఉత్తర్వు మీద వేలాడుతున్న చదువులు అవి.

ఇక్కడ మా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేం పత్రికలో కొత్తగా చేరిన రోజులు. ఒక జిల్లా కేంద్రంలో ఇలాంటి విచారణ ఒకటి జరిగింది. లోపల నాయకులు, సంఘాల అధ్యక్షులు, శాలువాలు, ఫొటోలు. అందరి చేతుల్లోనూ టైపు చేసిన వినతిపత్రాలు. వాటిలో చాలావాటిలో ఒకే మాటలు, పైన సంఘం పేరు మాత్రం మారింది. బయట వేపచెట్టు కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన గోనెసంచి, అందులో ఉలి, సుత్తి. "అందర్ నై గయే, చాచా?" అని అడిగాం. "క్యా బోల్నా బేటా, హమ్ పఢే లిఖే నై," అన్నాడు. తర్వాత తెలుగులోకి దిగి చెప్పుకుపోయాడు. ఇంటింటికీ మిక్సీలూ గ్రైండర్లూ వచ్చాక రోలుకు కక్కు కొట్టించుకునేవాళ్ళు లేరట. పెద్దకొడుకు ఆటో తోలుతున్నాడు, చిన్నవాడు అయిదో తరగతితో ఆపేశాడు. బడిలో కులం కాలం దగ్గర ఏం రాయించారని అడిగితే "ముస్లిం అని రాశారు, అదేగా?" అన్నాడు.

మేం ఆఫీసుకు వచ్చి వార్త రాశాం. అందులో నాయకుల పేర్లన్నీ ఉన్నాయి. వేపచెట్టు కింది మాట ఒక్కటీ లేదు. అది వార్త అని మాకు తోచలేదు. కొన్నేళ్ళకు హైకోర్టు తీర్పు చదువుతున్నప్పుడు తెలిసింది, కోర్టు అడుగుతున్న ఆధారం ఆయన చెప్పిన అయిదు వాక్యాల్లోనే ఉందని. ఏ వృత్తి, అది ఎలా పోయింది, పిల్లలు ఎంతవరకు చదివారు, కాగితాల్లో కులం ఏమని ఉంది. ఆ మాటలు కమిషన్ రికార్డులోకి ఎక్కలేదు. మా పత్రికలోకి కూడా ఎక్కలేదు. చదువుకున్న మేం, రెండు భాషలు వచ్చిన మేం, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి ఉంటే ఏం పోయేది?

తెలంగాణ వచ్చాక కథ మళ్ళీ మొదలైంది. 2015లో జి. సుధీర్ కమిషన్ వేశారు. 2016లో నివేదిక వచ్చింది. ఆ ఏడాది చివర బీసీ కమిషన్ బహిరంగ విచారణ జరిపింది. 2017 ఏప్రిల్ 16న ప్రత్యేక సమావేశంలో శాసనసభ బిల్లు ఆమోదించింది. బీసీ-ఇకి 12 శాతం, గిరిజనులకు 10 శాతం. మొత్తం 62 శాతం. తమిళనాడు 69 శాతం చట్టాన్ని 1994లో తొమ్మిదో షెడ్యూలులో చేర్చినట్టు దీన్నీ చేర్చాలన్నారు. బిల్లు ఢిల్లీకి వెళ్ళింది. ఏళ్ళు గడిచినా ఆమోదం రాలేదు. రాజ్యాంగం 201వ అధికరణలో రాష్ట్రపతి ఇన్నాళ్ళలో తేల్చాలన్న గడువేమీ లేదు. రాష్ట్ర శాసనసభ చేసిన బిల్లు చట్టం కాకుండా, కాదని తేలకుండా, అలా ఉండిపోవచ్చు.

దీనికి పక్కనే మరో సంగతి పెట్టి చూడండి. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణ పార్లమెంటు ఉభయసభల్లోనూ రెండు రోజుల్లో నెగ్గింది. అగ్రవర్ణ పేదలకు 10 శాతం. ఏ తెగా తన వెనుకబాటును రుజువు చేసుకోలేదు. 2022లో సుప్రీంకోర్టు 3-2తో సరేనన్నది. 50 శాతం గీత అక్కడ అడ్డం కాలేదు. పేదవాళ్ళకు, వాళ్ళు ఏ కులంవాళ్ళయినా, సాయం అందితే మాకు అసూయ లేదు. కానీ ఒకరికి రెండు రోజులు, మరొకరికి రెండు దశాబ్దాలు. ఒకరి మాట నమ్మకం మీద చెల్లుతుంది, మరొకరి మాటకు సాక్ష్యం కావాలి. ఇది అన్యాయమని మేం అంటాం. అంటూనే, సాక్ష్యం సిద్ధం చేసుకోవాలనీ అంటాం. అన్యాయమని తెలిసినంత మాత్రాన రుజువు బరువు మా భుజాలమీంచి దిగిపోదు.

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరిగింది. 2025 ఫిబ్రవరిలో లెక్కలు బయటపెట్టారు. ముస్లిమేతర బీసీలు 46.25 శాతం, బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. మార్చిలో బీసీలకు 42 శాతం కోరే బిల్లులను శాసనసభ ఆమోదించి పంపింది. వెంటనే వాదన లేచింది: ఈ 42లో ముస్లింలు ఉండవచ్చా అని. చర్చ వేదికల మీద, టీవీల్లో జరిగింది. పాములవాళ్ళనూ హజాంలనూ అడిగినవాళ్ళు లేరు. వాళ్ళంతట వాళ్ళు చెప్పిందీ తక్కువే. మా పక్క వీధుల్లోనే సర్వే చేయడానికి వచ్చినవాళ్ళు కులం అడిగితే 'ముస్లిం' అని చెప్పి తలుపు వేసుకున్నవాళ్ళను మేం చూశాం. కొందరికి భయం: ఈ కాగితం రేపు దేనికి వాడతారోనని. ఆ భయం ఊరికే రాలేదు, పౌరసత్వం గొడవల తర్వాత వచ్చింది. కొందరికి పాత నామోషీ. కారణం ఏదైనా, లెక్కలో పేరు పోయింది. లెక్కలో లేని మనిషి చట్టంలోనూ ఉండడు. 2027 జనగణనలో కులం కూడా అడుగుతామని కేంద్రం 2025లో ప్రకటించింది. ఆ తలుపు తట్టినప్పుడు ఏం చెప్పాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది.

బిల్లు తయారవుతున్నప్పుడు సామాన్యుడు చేయగలిగింది ఏముందని చాలామంది అడుగుతారు. ఉంది. బీసీ కమిషన్ ప్రకటన ఇస్తే గడువులోగా అర్జీ పెట్టుకోవచ్చు. విచారణకు వస్తే వెళ్ళి నోటితో చెప్పవచ్చు. సభలో ఒక బిల్లును ప్రజాభిప్రాయానికి పంపాలని, సెలెక్ట్ కమిటీకి పంపాలని సభ్యుడు కోరవచ్చు. ఆ సభ్యుడు మన ఓటుతో వెళ్ళినవాడు, అలా అడగమని చెప్పడం మన పని. ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో కేంద్ర మంత్రిత్వ శాఖలకు ఒక విధానం పెట్టారు. ప్రతి రాష్ట్రంలోనూ అలాంటిది, తెలుగులోనూ ఉర్దూలోనూ, ఉండాలని అడగాలి. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేసింది. 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా అలాగే చట్టం చేసింది. మరి బిల్లు ముసాయిదా ఉర్దూలో గోడకు అంటించమంటే ఎవరు కాదంటారు? అడిగినవాళ్ళేరీ?

అర్జీ రాయడానికి అలంకారాలు అక్కర్లేదు. జనాభా ఇంత శాతం, అన్యాయం ఇంత పెద్దది అని మొదలుపెట్టవద్దు. అవి నాయకులు చెబుతారు. మీ తాత ఏం చేసేవాడు, నాన్న ఏం చేశాడు, ఆ పని ఇప్పుడు ఉందా, ఇంట్లో పదో తరగతి దాటినవాళ్ళెంతమంది, ఆడపిల్లలు ఎక్కడ ఆగిపోయారు, అప్పు ఎవరి దగ్గర, పిల్ల పెళ్ళి ఎవరింట్లో కుదరదు. ఇవి రాయండి. బీడీలు చుట్టే ఆడవాళ్ళ మాట ముఖ్యంగా కావాలి. విచారణ జరిగే హాళ్ళలో మాకు కనపడనిది వాళ్ళే. రాయడం రానివాళ్ళ దగ్గర కూర్చుని రాసిపెట్టడం చదువుకున్నవాళ్ళ ఫర్జ్. మసీదు కమిటీ జుమ్మా తర్వాత పది నిముషాలు దీనికి కేటాయిస్తే దీన్‌కు లోటు రాదు. సయ్యద్‌లూ పఠాన్‌లూ 'ఇది మాకు రాదు కదా' అని పక్కకు తప్పుకోవద్దు. మీకు రాకపోవడమే ఈ కోరికలోని నిజాయితీకి రుజువు, మీరు వచ్చి చెబితే దానికి బరువు పెరుగుతుంది.

ముస్లిమేతర మిత్రులకు ఒక మాట. ఇది మీ పని కాదనుకోకండి. మీ ఊళ్ళో తురక చాకలి ఉన్నాడని, అతని బతుకూ హిందూ చాకలి బతుకూ ఒకటేనని చెప్పే సాక్ష్యం మా నోటినుంచి కంటే మీ నోటినుంచి వస్తే కోర్టు ఎక్కువ వింటుంది. బీసీ సోదరులకు, మీ కంచంలోది లాక్కోవడానికి మేం రావడం లేదు. కంచమే చిన్నదిగా ఉంచిన చేతిని కలిసి అడుగుదాం.

ఉర్దూలో ఒక సామెత ఉంది: రోయే బగైర్ మా భీ దూద్ నై దేతీ. తెలుగులో అదే మాటను అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. రెండు భాషల్లోనూ ఒకటే బుద్ధి చెప్పుకున్నవాళ్ళం, రెండు భాషల్లోనూ అడగడం మానేశాం.

ఆ ముసలాయన మళ్ళీ మాకు కనపడలేదు. ఈసారి ఏ ఊళ్ళో విచారణ జరిగినా, లోపలికి వెళ్ళేముందు బయట చెట్టు కింద ఎవరున్నారో చూస్తున్నాం. మీరూ చూడండి.